ఎవరు లెక్కపెట్టారు మాస్టారూ?

ఇంటర్మీడియట్ బై.పి.సి. పిల్లలకు ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఏటా ఒక లెక్క తప్పకుండా వచ్చేది. ఒక డీఎన్ఏ నమూనాలో సైటోసిన్ 20 శాతం ఉంటే అడినిన్ ఎంత? పిల్లలు కాగితం ముట్టకుండానే 30 అనేసేవారు. సైటోసిన్ 20 ఉంటే దాని జత గ్వానిన్ కూడా 20. రెండూ కలిపితే 40. వందలోంచి నలభై పోతే అరవై. ఆ అరవైని అడినిన్, థైమిన్ చెరి సగం పంచుకుంటాయి కనక 30.

ఒక ఏడు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "ఎవరు లెక్కపెట్టారు మాస్టారూ? కంటికి కనపడేవి కావు కదా, రెండూ సమానమని ఎలా తెలిసింది?" అని అడిగింది. గంట కొట్టేలోపు నేను చెప్పగలిగింది చార్గాఫ్ అన్న పేరొక్కటే. ఆ అమ్మాయికి అప్పుడు పూర్తిగా చెప్పలేకపోయిన జవాబే ఈనాటి నా ప్రసంగం.

కథ 1869లో మొదలవుతుంది. జర్మనీలో ట్యూబింగెన్ అనే ఊరు. అక్కడి కొండమీది పాతకోటలో ఒకప్పటి వంటశాలను ప్రయోగశాలగా మార్చారు. ఫ్రీడ్రిక్ మీషర్ అనే పాతికేళ్ళ స్విస్ వైద్యుడు అందులో చేరాడు. ఆసుపత్రిలో పుండ్లకు కట్టి తీసేసిన గుడ్డలు తెప్పించుకుని, ఆ చీములోని తెల్లకణాలను కడిగి వేరుచేసేవాడు. వాటి కేంద్రకాల్లోంచి అంతవరకూ ఎవరికీ తెలియని ఒక పదార్థం బయటపడింది. మాంసకృత్తుల్లో మామూలుగా కనపడనంత భాస్వరం అందులో ఉంది. దానికి న్యూక్లీన్ అని పేరు పెట్టాడు. మనం ఇప్పుడు డీఎన్ఏ అంటున్నది అదే. తర్వాత ఆల్‌బ్రెక్ట్ కోసెల్ ఆ పదార్థాన్ని విడగొట్టి అందులోని నత్రజని క్షారాలను గుర్తించాడు. ఆయనకు 1910లో నోబెల్ బహుమతి వచ్చింది.

డీఎన్ఏలో ఉండే క్షారాలు నాలుగు: అడినిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్. మొదటి రెండూ పెద్దవి, ఒక్కోదానిలో రెండు వలయాలు. తర్వాతి రెండూ చిన్నవి, ఒకే వలయం. ఈ పెద్దా చిన్నా తేడాతో ముందుముందు పని ఉంది, గుర్తుంచుకోండి.

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఫీబస్ లెవీన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. డీఎన్ఏలోని చక్కెరను కనిపెట్టిన మనిషి, మహా శ్రమజీవి. అయితే నాలుగు క్షారాలూ పాతికేసి శాతం చొప్పున ఉంటాయని, అదే నాలుగింటి కట్ట మళ్ళీ మళ్ళీ వస్తుందని ఆయన భావించాడు. ఆనాటి కొలతలు మోటువి. వచ్చిన అంకె 25కు కాస్త అటూ ఇటూ అయితే అది పొరపాటు కిందే జమ. ఈ భావన వల్ల పెద్ద నష్టమే జరిగింది. ఒకే నాలుగక్షరాల మాటను లక్షసార్లు రాస్తే అందులో కబురేముంటుంది? వంశపారంపర్య లక్షణాలను మోసేది డీఎన్ఏ కాదు, మాంసకృత్తులే అని పెద్ద పెద్ద వాళ్ళు కూడా అనుకుంటూ వచ్చారు.

అదే సంస్థలో 1944లో ఆస్వాల్డ్ ఏవరీ, కోలిన్ మెక్‌లాయిడ్, మెక్లిన్ మెకార్టీ ఒక పరిశోధన పత్రం ప్రకటించారు. న్యుమోనియా బాక్టీరియాలో ఒక రకాన్ని మరో రకంగా మార్చే పదార్థం డీఎన్ఏ అని అందులో చూపించారు. చాలామంది చదివి పక్కన పెట్టారు. అదే ఊళ్ళో, కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఒకాయన మాత్రం అది చదివి, తన ప్రయోగశాల పనినే మార్చేసుకున్నాడు. ఆయనే ఎర్విన్ చార్గాఫ్.

చార్గాఫ్ 1905లో చెర్నోవిట్స్‌లో పుట్టాడు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. వియన్నాలో చదివి, బెర్లిన్‌లో పనిచేస్తుండగా 1933లో హిట్లర్ గద్దెనెక్కాడు. యూదు కుటుంబంలో పుట్టిన చార్గాఫ్ పారిస్‌కు, అక్కణ్ణించి న్యూయార్క్‌కు చేరాడు. ఏవరీ పత్రం చదివినప్పుడు ఆయనకు తోచింది ఇదీ: వేరువేరు జీవుల లక్షణాలను మోసేది డీఎన్ఏ అయితే, వేరువేరు జీవుల డీఎన్ఏ వేరువేరుగా ఉండి తీరాలి. ఆ తేడా రసాయనికంగా కొలిస్తే దొరకాలి.

ఎలా కొలవాలి? ఇక్కడే మా విద్యార్థిని ప్రశ్నకు జవాబు ఉంది. ఇంగ్లండులో మార్టిన్, సింజ్ బృందం అప్పటికి కొద్దికాలం ముందే పేపర్ క్రొమటోగ్రఫీ అనే పద్ధతి తెచ్చింది. తడిసిన కాగితం మీద సిరాచుక్క పాకి రంగురంగులుగా విడిపోవడం మీరు చూసే ఉంటారు. అదే సూత్రం. చార్గాఫ్, ఆయన సహచరుడు ఎర్నెస్ట్ విషర్ డీఎన్ఏను ఆమ్లంతో విడగొట్టి, ఆ ద్రవాన్ని వడపోత కాగితం మీద చుక్కగా పెట్టి, కాగితం మీదుగా ద్రావణిని పారించేవారు. నాలుగు క్షారాలూ నాలుగు వేగాలతో కదిలి నాలుగుచోట్ల ఆగేవి. ఆ ముక్కలు కత్తిరించి, ఒక్కోదానిలోని క్షారాన్ని మళ్ళీ ద్రవంలోకి దింపి, అతినీలలోహిత కాంతిని ఎంత పీలుస్తుందో స్పెక్ట్రోఫోటోమీటర్‌తో చూసేవారు. పీల్చిన కాంతిని బట్టి పదార్థం ఎంతో తెలుస్తుంది.

అయినా పని అక్కడితో అవలేదు. నాలుగు క్షారాల బరువులూ ఒకటి కాదు. ఒక్కో అణువు భారం చూస్తే అడినిన్ 135, థైమిన్ 126, గ్వానిన్ 151, సైటోసిన్ 111. అంటే అడినిన్, థైమిన్ అణువులు సరిసమానంగా ఉన్నా బరువులో సమానం కావు. చిల్లర నాణేలను ఒక్కొక్కటీ ఎంచకుండా తూకం వేసి, ఒక నాణెం బరువుతో భాగించి లెక్కగట్టినట్టుగా, ఇక్కడా బరువును అణుభారంతో భాగించాలి. అప్పుడే సంఖ్య కనిపిస్తుంది. కాబట్టి తల్లీ, ఎవరూ లెక్కపెట్టలేదు. తూచారు.

తూచిన ఫలితం లెవీన్ భావనను పడగొట్టింది. దూడ థైమస్ గ్రంథి, ఈస్ట్, పక్షుల్లో క్షయ కలిగించే బాక్టీరియా, ఇలా ఒక్కో జీవిలో పాళ్ళు ఒక్కో రకంగా వచ్చాయి. అదే పశువు ప్లీహంలోంచి తీసినా, థైమస్‌లోంచి తీసినా మాత్రం మారలేదు. పాతిక చొప్పున నాలుగు వాటాలు అన్నది నిలవలేదు.

చార్గాఫ్ ఫలితాల పట్టికల్లోనే ఇంకో సంగతి కూడా ఉంది. మనిషి డీఎన్ఏకు పాఠ్యపుస్తకాల్లో తరచు ఇచ్చే అంకెలు చెబుతాను: అడినిన్ 30.9, థైమిన్ 29.4, గ్వానిన్ 19.9, సైటోసిన్ 19.8. ఇందులో 30.9ని, 29.4ని సమానమనాలా, కాదనాలా? కొలతలో వచ్చిన చిన్న తేడా ఏది, నిజమైన తేడా ఏది? లెవీన్ తడబడింది సరిగ్గా ఇక్కడే. ఒక్క జీవిని చూస్తే ఈ ప్రశ్నకు జవాబు లేదు. కానీ చార్గాఫ్ దగ్గర అనేక జీవుల అంకెలున్నాయి. క్షయ బాక్టీరియాలో అడినిన్ 15 దగ్గరికి దిగింది, థైమిన్ కూడా దాని వెంటే 15 దగ్గరికి దిగింది. గ్వానిన్ 35కు పెరిగితే సైటోసిన్ కూడా 35కు పెరిగింది. ఒకటి ఎటు పోతే రెండోది అటే. పొరపాటు ఇంత క్రమంగా నడవదు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే గొప్ప ఘట్టం ఇదే.

1950లో ప్రకటించిన వ్యాసంలో చార్గాఫ్ ఈ సమానత్వాన్ని ప్రస్తావించాడు. అది కాకతాళీయమో కాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. కారణం తెలియనిదే నియమమని చాటలేదు. 1952 మే నెలలో కేంబ్రిడ్జ్‌లో ఆయన్ని ఇద్దరు యువకులు కలుసుకున్నారు, జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్. ఆ ఇద్దరికీ క్షారాల రసాయన నిర్మాణమే సరిగా గుర్తులేదని చార్గాఫ్‌కు చిరాకు కలిగింది. క్రిక్‌కు మాత్రం ఆ ఒకటికొకటి నిష్పత్తి మెరుపులా తగిలింది.

లండన్ కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఎక్స్‌కిరణాలతో తీయించిన చిత్రాలూ, ఆమె కొలతలూ లేకపోతే తర్వాతి మెట్టు పడేది కాదు. ఆమెకు తెలియకుండానే అవి ఆ ఇద్దరికీ చేరాయి. 1953 ఫిబ్రవరిలో వాట్సన్ అట్టముక్కలతో క్షారాల ఆకారాలు కత్తిరించుకుని, వాటిని జతచేసి చూశాడు. అడినిన్, థైమిన్‌ల జత ఎంత వెడల్పు వచ్చిందో, గ్వానిన్, సైటోసిన్‌ల జత కూడా అంతే వెడల్పు వచ్చింది. పెద్దదానికి చిన్నది తోడు. డీఎన్ఏ రెండు పోగులు పేనిన తాడు లాంటిదని తేలింది, అందులో లోపలివైపు ప్రతి పెద్ద క్షారానికీ ఎదురుగా దాని చిన్న క్షారం. వియ్యం ఎవరితోనో ముందే రాసిపెట్టినట్టు, అడినిన్‌కు థైమినే, గ్వానిన్‌కు సైటోసినే. చార్గాఫ్ తూచిన సమానత్వానికి కారణం దొరికింది. 1962లో నోబెల్ బహుమతి వాట్సన్, క్రిక్‌లకు, కింగ్స్ కాలేజీలోనే పనిచేసిన విల్కిన్స్‌కు వచ్చింది. ఫ్రాంక్లిన్ అప్పటికే, 1958లో, కన్నుమూసింది. చార్గాఫ్‌కు ఆ బహుమతి రాలేదు. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు కాగితం, పెన్సిలు దగ్గరుంటే తీసుకోండి. ఒక పొట్టి డీఎన్ఏలో ఒక్క పోగును మాత్రమే చూశామనుకుందాం. అందులో అడినిన్ 30, థైమిన్ 20, గ్వానిన్ 35, సైటోసిన్ 15. ఏదీ దేనికీ సమానం కాదు. భయం లేదు. ఎదుటి పోగులో థైమిన్ 30, అడినిన్ 20, సైటోసిన్ 35, గ్వానిన్ 15 ఉంటాయి. రెండు పోగులూ కలపండి. అడినిన్ 50, థైమిన్ 50, గ్వానిన్ 50, సైటోసిన్ 50. మొత్తం 200లో ఒక్కోటీ 25 శాతం. అంటే సమానత్వం ఉన్నది ఒక పోగులో కాదు, జంటలో.

మరి జంటే లేకపోతే? 1959లో కాలిఫోర్నియాలో రాబర్ట్ సిన్‌షైమర్ ఫై-ఎక్స్-174 అనే చిన్న వైరస్‌ను పరీక్షించాడు. అది బాక్టీరియాను పట్టే వైరస్. దాని డీఎన్ఏలో సుమారుగా అడినిన్ 24, థైమిన్ 31, గ్వానిన్ 23, సైటోసిన్ 22 శాతం. థైమిన్, అడినిన్‌ల మధ్య ఏడు శాతం తేడా. ఎన్నిసార్లు చూసినా కలవలేదు. కారణం, ఆ వైరస్ కణంలో ఉన్నది ఒంటిపోగు డీఎన్ఏ. నియమం తప్పలేదు. నియమం కుదరకపోవడమే ఆ డీఎన్ఏ ఆకారాన్ని పట్టిచ్చింది. దాని పూర్తి వరసను, 5,386 అక్షరాలను, తర్వాత ఫ్రెడరిక్ సాంగర్ బృందం చదివింది.

ఈ పాళ్ళకు విలువ పరీక్షల్లోనే కాదు. గ్వానిన్, సైటోసిన్ జతను మూడు హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి, అడినిన్, థైమిన్ జతను రెండే. అందుకే గ్వానిన్, సైటోసిన్ ఎక్కువున్న డీఎన్ఏ పోగులు విడిపోవడానికి ఎక్కువ వేడి కావాలి. మలేరియా పరాన్నజీవి ఫాల్సిపారంలో అడినిన్, థైమిన్ కలిపి 80 శాతం పైనే. మనుషుల్లో క్షయ కలిగించే బాక్టీరియాలో గ్వానిన్, సైటోసిన్ కలిపి 65 శాతం పైన. రోగనిర్ధారణ కోసం, డీఎన్ఏకు నకళ్ళు తీసే పీసీఆర్ పరీక్ష చేసేవాళ్ళు వేడి ఎంత పెట్టాలో ఈ అంకెలు చూసే నిర్ణయించుకుంటారు.

ముగించే ముందు మనవారొకరిని తలుచుకోవాలి. చార్గాఫ్, విషర్ కాగితాల మీద క్షారాలను విడదీస్తున్న ఆ రోజుల్లోనే, అదే న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో, లెడర్లీ ప్రయోగశాలల్లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫోలిక్ ఆమ్లం మీద పనిచేస్తున్నారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు కొంతకాలం ఉపశమనం కలిగించి, 1948లో ఆ ఫలితాలు ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు చనిపోయారు. ఆ మందు, దాని వెంట వచ్చిన మెథోట్రెక్సేట్ ఎలా పనిచేస్తాయో తర్వాత తేలింది. కణం థైమిన్ తయారుచేసుకోవాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. మందు ఆ దారి మూసేస్తుంది. థైమిన్ చాలకపోతే అడినిన్‌కు జత కుదరదు. జత కుదరకపోతే కొత్త డీఎన్ఏ తయారవదు. క్యాన్సర్ కణం పెరగలేదు. మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ మన ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది.

ఇంటర్ చదువుతున్న పిల్లలు వింటుంటే ఒక మాట. ఈసారి ఆ లెక్క వచ్చినప్పుడు, వందలోంచి తీసివేసే ముందు, ఇచ్చిన డీఎన్ఏ రెండు పోగులదా, ఒంటిపోగుదా చూడండి. ఆ సంగతి ప్రశ్నలో లేకపోతే, చెయ్యెత్తి మీ మాస్టారిని అడగండి.