వంశవృక్షమున వ్రాయని పేర్లు

(తిరుమలగిరియందు జరిగిన వార్షిక మహాసభలో నొసఁగిన యుపన్యాసము)



మన సంఘము కుటుంబముల వంశవృక్షములను సేకరింపఁ బూనినది. మంచి పని. కాని మనకుఁ బంచిన పత్రమునఁ బురుషసంతతికి మాత్రమే గడులున్నవి. ఈ విషయమై యొక యమెరికా కుటుంబపు కథ చెప్పెదను. దూరదేశపువారి గొడవ మనకేల యందురేమో; దాని ఫలము మనవారును అనుభవించుచున్నారు.

జాన్ స్కడర్ అను వైద్యుఁడు 1793లో న్యూజెర్సీ రాష్ట్రమునఁ బుట్టెను. 1819లో భార్య హారియెట్టుతో నోడ యెక్కి సింహళమునకును, 1836లోఁ జెన్నపట్టణమునకును వచ్చెను. మతప్రచారమునకై వచ్చినవాఁడే, దాఁచనక్కఱలేదు. 1855లోఁ గాలధర్మము నొందెను. ఆయన కుమారులలో నేడుగురు ఈ దేశముననే మిషనరీలైరి. వారిలోఁ గొందఱు 1853లో ఆర్కాటు మిషనును నెలకొల్పిరి. నాఁడు చిత్తూరు, తిరుపతి ప్రాంతములును ఉత్తరార్కాటులోనివే. 1911లోఁ గాని చిత్తూరు ప్రత్యేక జిల్లా కాలేదు.

అమెరికావారికిఁ బూర్వులను వెదకుట కొంత సులభము. ఇంటి బైబిలు పుటలమీఁద జననమరణములు వ్రాసికొనుట వారి యాచారము. 1850 మొదలు జనాభాలెక్కలలో నింటి యజమానునిదే కాక స్వతంత్రులందఱి పేర్లును వ్రాసిరి. బానిసలను మాత్రము యజమానుని పేరు క్రింద వయస్సు, లింగము చెప్పి లెక్కించిరి. వారి సంతతివారు నేఁడు వెదకఁబోయినచో నచ్చటనే దారి తెగుచున్నది.

సరే, మన పత్రమును స్కడర్ కుటుంబమున కిచ్చి చూతము. రెండవ జాన్ కూఁతురు ఐడాకు గడి లేదు. ఆమె 1870లో రాణిపేటఁ బుట్టినది. మిషనరీ కానొల్లని పిల్ల. ఒకనాఁటి రాత్రి మువ్వురు గృహస్థులు ఒకరి తరువాత నొకరు వచ్చి, ప్రసవవేదనఁ బడు తమ భార్యల కడకు రమ్మని వేఁడిరి. ఆమె వైద్య మెఱుఁగదు. తండ్రి వైద్యుఁడే కాని పరపురుషుఁడు రాఁగూడదనిరి. తెల్లవాఱుసరికి మువ్వురు స్త్రీలును గతించిరి. ఐడా స్వదేశమున కేఁగి, 1899లో వైద్యపట్టము నొంది, 1900లో మరలివచ్చెను. 1918లో వెల్లూరున స్త్రీలకు వైద్యపాఠశాల పెట్టెను. పెండ్లి లేదు, సంతతి లేదు. 1960లో మరణించెను. చిత్తూరు సీమనుండి నేఁటికిని రోగులు వెల్లూరునకుఁ బోవుచునే యున్నారు.

మన పూర్వులు మనకంటె నుదారులు. బృహదారణ్యకము చివరనున్న వంశమున గురువులలోఁ బెక్కండ్రను తల్లుల పేర్లతోఁ జెప్పిరి. తర్పణమునఁ గారుణ్యపితరులలో మేనత్తకును నీరు విడువవలెను.

అచ్చటనే నేను తడఁబడుచుందును. బాల్యముననే భర్తను గోలుపోయి మా యింటికి వచ్చి, నాకు ఓనమాలు దిద్దించిన మేనత్తను అందఱును "పెద్దత్త" యనియే పిలిచిరి. ఆమె గోత్రము చెప్పఁగలను, పేరు చెప్పలేను.

కావున నాఁడుబిడ్డలకును, సంతులేనివారికిని గడులు చేర్చి పత్రమును మరల నచ్చొత్తింపుఁడని కార్యవర్గమువారికి నా ప్రార్థన. అచ్చుకూలి నే నిచ్చెదను. మీ యిండ్లలోని వృద్ధులను సంక్రాంతిలోపలనే యడిగి వ్రాసికొనుఁడు. మా యింట నడుగుటకు ఎవ్వరును మిగులలేదు.