పరుల చెవులు

ఈ కాలమున మనకు చిరాకు కలిగించు పనులన్నియు లెక్కింపబూనినచో ఈ ప్రసంగమునకు ఇచ్చిన వ్యవధి చాలదు. వరుసలో నిలిచినవారిని త్రోసికొని కిటికీలో చేయి పెట్టువారు, మెట్ల మలుపున కిళ్లీ ఉమియువారు, వీథి నడుమ బండి నిలిపి బంధువుల క్షేమము విచారించువారు మనకందరకును పరిచితులే. వారిని నేటికి విడిచిపెట్టుచున్నాము. శబ్దమే వృత్తిగా గలవారము గనుక, శబ్దమువలన కలుగు చిరాకును గూర్చియే ముచ్చటింపదలచినాము.

రాత్రి రైలులో ప్రయాణము చేసినవారికి ఈ సంగతి వివరింపనక్కరలేదు. బండి విజయవాడ దాటును. పైబెర్తుమీద ఒక యువకుడు సెల్‌ఫోనులో రీళ్లు చూచుచుండును. ప్రతిదానికిని అదే నవ్వు, అదే డప్పు. ఒకటి ముగియకమునుపే వ్రేలు జరుగును, మరియొకటి మొదలగును. పాటయైనచో పల్లవి నడుమ తెగును. హాస్యమైనచో నవ్వు వినబడును గాని నవ్వుటకు కారణము వినబడదు. క్రిందిబెర్తున ఒక ఇల్లాలు అమెరికాలోని కుమారునితో మాటాడుచుండును. అచ్చట పట్టపగలు గనుక ఆతనికి తొందర లేదు. స్పీకరు తెరచియుండుటచే, మనుమనికి జలుబు చేసిన సంగతి మొదలు కోడలి పప్పులో ఉప్పు తక్కువయైన సంగతి వరకు పెట్టెలోనివారందరును ఎరుగుదురు. తెల్లవారి విశాఖపట్నమున ఆసుపత్రికి పోవలసిన వృద్ధుడొకడు ఎదుట మోచేతితో కన్నులు కప్పికొని పరుండియుండును. చెవులకు రెప్పలు లేవు గదా!

మాటలాడువారికంటె, సగము వినిపించు మాటలు ఎక్కువ బాధించునని ఒక పరిశోధన కలదు. 2010లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, ఫోను సంభాషణలో ఒక ప్రక్క మాత్రమే విన్నవారికి, రెండు ప్రక్కల విన్నవారికంటె పనిమీద దృష్టి నిలుపుట కష్టమైనట్లు గమనించిరి. వినబడని సగమును మనస్సు తానే పూరింప యత్నించును. ఈ లెక్కన స్పీకరు తెరచిన ఇల్లాలు మనకు కొంత మేలే చేసినదని ఎవరైన పరిహసింపవచ్చును.

శాసనమునకు లోటు లేదు. 2000లో వెలువడిన ధ్వని కాలుష్య నియమములు నివాస ప్రాంతములకు పగటివేళ 55, రాత్రివేళ 45 డెసిబెళ్ల పరిమితి విధించినవి. పది డెసిబెళ్లు తగ్గుట యనగా ధ్వనిశక్తి పదియవ వంతునకు దిగుట. వినుటకు ఇష్టపడనివానిని ఎవరును నిర్బంధింపజాలరని సుప్రీంకోర్టు 2005లో స్పష్టముగా చెప్పినది. రైళ్లలో ఇయర్‌ఫోను లేక పాటలు పెట్టరాదని రైల్వేవారును 2022లో హెచ్చరించిరి. 139కి ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. కాని ఒక ఫోనును మాన్పుటకు అర్ధరాత్రి మరియొక ఫోను అందుకొనుటకు ఎందరికి మనసొప్పును?

“మీ రేడియోవారు మాత్రము తక్కువవారా?” యని శ్రోతలు మమ్ము అడుగవచ్చును. అడుగదగిన మాటయే. కాఫీహోటలు రేడియో వీథి వీథికంతటికిని వినిపించిన దినములు లేకపోలేదు. పంచాయతీ రేడియో ఊరంతటికిని ఒక్కటే. అయితే దానియెదుట వచ్చి కూర్చున్నవారు వినుటకే వచ్చినవారు. అందరును వినునది ఒక్కటే పాట, అదియు సంపూర్ణముగా. నేడు ఒక్క పెట్టెలోనే పది కేంద్రములు ఒక్కమారు ప్రసారము చేయుచున్నవి. శ్రోత మాత్రము ఒక్కడును లేడు, అందరును బందీలే.

ఆ యువకుడు దుష్టుడని మేమనము. తన చేతిలోని చిన్న తెర తనకొక్కనికే కనబడుచున్నది గనుక, దాని శబ్దమును తనకొక్కనికే వినబడుచున్నదని భ్రమపడుచున్నాడు. ఇందు మాకు మిక్కిలి కష్టముగా తోచునది శబ్దము కాదు, ఆ వృద్ధుని మౌనము. ఆయన అడుగడు. అడిగినచో “రైలు మీ సొంతమా?” యను ప్రశ్న వచ్చునని ఆయనకు తెలియును. అట్టి ప్రశ్న ఒకమారు విన్నవాడు మరల నోరు తెరవడు.

ఇందులకు ఒక చిన్న ఉపాయము పనిచేయుట మేము గమనించినాము. తనకొరకు అడిగినవానికి తగవు దక్కును. ప్రక్కవానికొరకు అడిగినచో తరచుగా ఫలించును. “బాబూ, పెద్దాయనకు ఒంట్లో బాగాలేదట, కాస్త తగ్గిస్తావా?” అన్నచో యువకుడు తటాలున లేచి, “అయ్యో, చూడలేదండీ” యని ఫోను ఆపును. ఒక్కొక్కరు ఆపరు, రెండు మెట్లు తగ్గింతురు. అంతలో తరువాతి రీలు వచ్చును. అది మొదటిదానికంటె బిగ్గరగా తీసినదై యుండును.