దుకాణం చేతులు మారే ముందు



మన బస్తీల్లో బేకరీ గానీ, టైలరింగు షాపు గానీ అమ్మకానికి వస్తే బేరం చాయ్‌తో మొదలై ‘జబాన్ ఇచ్చాం’ అన్న మాటతో ముగుస్తుంది. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయతు అల్ బఖరా 282వది. అప్పును వ్రాసి ఉంచుకోమని, క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోమని అది ఆదేశిస్తుంది. మనం దానిని పారాయణం చేస్తాం, కాగితం మాత్రం వ్రాయం!

కొనేవారు సామాను, గిరాకీ చూసి తృప్తి పడరాదు. జీఎస్టీ చట్టం 85వ సెక్షన్ ప్రకారం, బదిలీ నాటికి అమ్మినవారు బకాయి పడిన పన్నుకు కొన్నవారూ బాధ్యులే. కనుక రిటర్నులు ముందే చూడాలి. వక్ఫ్ దుకాణమైతే, పగిడీ ఇవ్వకముందే లీజు ఎవరి పేరిట ఉన్నదో వక్ఫ్ బోర్డులో విచారించాలి.

అసలు చిక్కు తండ్రి మరణానంతరం అమ్మే దుకాణాలది. కొడుకులు సంతకం చేసి సొమ్ము పంచుకుంటారు. ‘చెల్లెలికి కట్నం ఇచ్చాం కదా’ అంటారు. కట్నం వారసత్వపు వాటా కాదు. మృతుని తల్లిదండ్రులు అంతకుముందే గతించి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకుందాం. అప్పులు, వీలునామా పోగా మిగిలిన 8 లక్షలలో భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1 లక్ష, కూతురికి 1,40,000, ఒక్కొక్క కొడుకుకు 2,80,000. తల్లి, ఆడపిల్లల సంతకాలు లేని పత్రంతో వారి వాటా కొన్నవారికి దక్కదు. రేపు దావా పడితే ఇరుక్కునేది వారే.

అందుకే కాగితాలు తెచ్చిన వారిని మేము మొదట ధర అడగం. ఇంట్లో ఆడపిల్లలెందరని అడుగుతాం.