కాలువ నీటి తగవు తీర్చుకొనుట ఎట్లు?



దాళ్వా వచ్చిందంటే గోదావరి డెల్టాలో ఒక మాట వినబడక తప్పదు. "పైవాళ్లు నీళ్లు కట్టేసుకున్నారు" అని శివారు రైతులంటారు. "మా చేను తడవకుండా మీకెట్లా వదులుతామయ్యా?" అని పైవాళ్లంటారు. రాత్రివేళ బోదెకు ఎవరో అడ్డుకట్ట వేస్తారు, ఇంకెవరో దాన్ని తెంచుతారు. తెల్లవారేసరికి అది నీళ్ల తగవు కాక మనుషుల తగవై కూర్చుంటుంది. తరువాత పోలీసు స్టేషను, వకీలు, వాయిదాలు. వాయిదా నాటికి పైరు కోతకైనా వస్తుంది, ఎండిపోయి అయినా ఉంటుంది. తీర్పు ఎవరి పక్షాన వచ్చినా ఆ పంటకు అక్కరకు రాదు. కనుక ఈ తగవును నాట్లకు ముందే కూర్చుని తీర్చుకొనవలసి ఉన్నది.

కూర్చోవడమంటే వెంటనే రచ్చబండ దగ్గర సభ పెట్టమని కాదు. పదిమందిలో నిలబడి ఒకసారి "ఒక్క చుక్క వదలను" అన్న మనిషి మళ్లీ ఆ మాట వెనక్కు తీసుకోలేడు. ముందుగా ఆ కాలువ కింద భూమిలేని మనిషిని, ఇరువైపులా మాట చెల్లేవాణ్ణి, మధ్యవర్తిగా ఎంచుకోవాలి. అతడు ఇంటింటికీ వెళ్లి విడివిడిగా మాట్లాడాలి. "నీకెంత నీరు కావాలి?" అని అడిగితే ప్రతివాడూ నిండు కాలువ కావాలనే అంటాడు. "ఏ పనికి, ఏ తేదీకి కావాలి?" అని అడగండి, సంగతి బయటపడుతుంది. పైరైతు ముందుగా ఊడ్చినాడు, అతని చేను ముందుగా పొట్టకు వస్తుంది. శివారు చేను ఆ తరువాత పది పదిహేను రోజులకు వస్తుంది. ఇద్దరికీ నీరు అత్యవసరమైన రోజులు ఒకటి కావు. పైవాడి భయం వేరు: ఒకసారి వదిలితే తన వంతు మళ్లీ రాదేమోనని. ఆ భయం తీరితే అతడు వదలడానికి పెద్దగా అభ్యంతరం చెప్పడు.

రెండవ పని కొలత. నీరెంత వస్తున్నదో ఎవరి లెక్క వారి మనసులో ఉంటుంది, ఆ లెక్కలు ఎన్నడూ కలవవు. పైనుంచి ఒకరు, శివారు నుంచి ఒకరు, లస్కరును వెంటబెట్టుకొని పది రోజులు ఉదయం సాయంత్రం తూము దగ్గర గేజి చూచి ఒకే పుస్తకంలో వ్రాయండి. ఇది చిన్నపని కాదు. అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి ఏడు మెట్ట జిల్లాలలో 2000 తరువాతి సంవత్సరాలలో భూగర్భజలాల పథకమొకటి నడిచినది. అందులో రైతులే తమ బోర్లలో నీటిమట్టాన్ని, ఊరి వర్షపాతాన్ని కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క వేసుకొనేవారు. వరి మానమని ఎవరినీ నిర్బంధించలేదు, జరిమానా లేదు. లెక్క తామే కట్టినది గనుక చాలామంది ఆరుతడి పంటలకు మళ్లినారు. అదే అంకె అధికారి తెచ్చి చెప్పి ఉంటే నమ్మేవారా అన్నది నాకు సందేహమే.

ఇక ఇచ్చిపుచ్చుకోవడం. ఇందుకు నదుల తగవొకటి చెబుతాను. 1969లో కృష్ణా, గోదావరి జలాల వివాదాలు జస్టిస్ బచావత్ అధ్యక్షతన ట్రిబ్యునళ్లకు వెళ్లినవి. కృష్ణా జలాలను ట్రిబ్యునలే పంచి 1973లో తీర్పు చెప్పినది. గోదావరి విషయంలో రాష్ట్రాలే మాట్లాడుకొని 1975 నుంచి ఒప్పందాలు వ్రాసుకొన్నవి. 1980 నాటి తీర్పు చాలావరకు ఆ ఒప్పందాల మీదనే నిలిచినది. పోలవరం నుంచి 80 టి.ఎం.సి.ల గోదావరి నీటిని కృష్ణకు మళ్లించడానికి ఒప్పుదల కుదిరినది. అందుకు బదులుగా నాగార్జునసాగర్‌కు ఎగువన అంత కృష్ణా నీటిలో కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14, ఆంధ్రప్రదేశ్‌కు 45 అన్నారు. ఒక నదిలో ఇచ్చి మరొక నదిలో పుచ్చుకొన్నారన్నమాట. మన ఊళ్లోనూ ఇట్లాంటి బేరం దొరుకుతుంది. పైవాళ్లు రెండు రోజులు నీరు వదిలితే, పైభాగంలో పూడిక తీయడానికి శివారు వాళ్లు మనుషులను పంపవచ్చు.

అయితే ఆ ఒప్పందాలలో కూర్చున్నవి ప్రభుత్వాలు. పోలవరం ముంపులో ఊళ్లు పోయే గిరిజనులు ఆ బల్ల దగ్గర లేరు. వారి పునరావాసపు తగవు దశాబ్దాల తరువాత కూడా నలుగుతూనే వచ్చినది.

ఊళ్లో ఈ పొరపాటు ఇంకా తేలికగా జరుగుతుంది. ఆసామి పట్నంలో ఉంటాడు, చేను చేసేది కౌలుదారు. 1997 నాటి నీటి సంఘాల చట్టం రికార్డులో నమోదైన కౌలుదారుకు చోటిచ్చినది. కాని నోటిమాట కౌలు రికార్డుకెక్కదు. సమావేశానికి ఆసామి వచ్చి తల ఊపి వెళతాడు. మర్నాడు తూము దగ్గర పారతో నిలబడేది కౌలుదారే. అతణ్ణి తప్పక పిలవండి. చేపల చెరువుల వారిని, పంచాయతీ మంచినీళ్ల చెరువు చూచేవారిని పిలవండి. నాట్లు, కలుపులు చేసే ఆడవాళ్లు, పని ఎన్ని రోజులు వెనకబడితే చేను ఏమవుతుందో మనకంటే బాగా చెబుతారు.

చేతులెత్తించి లెక్కపెట్టకండి. పైభాగంలో ఓట్లెక్కువ ఉంటే శివారు ఎప్పుడూ ఓడవలసిందే, ఓడినవాడు రాత్రికి గట్టు తెంచుతాడు. "ఈ ఏర్పాటుతో నీ పంట గట్టెక్కుతుందా?" అని ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడగండి. వెనకాల తువ్వాలు భుజాన వేసుకొని మాట్లాడకుండా కూర్చున్న పెద్దాయనను రెండుసార్లు అడగండి. ఆయన మౌనం అంగీకారమని అనుకోవద్దు.

కుదిరినదాన్ని కాగితం మీద పెట్టాలి. ఎవరి వంతు ఎన్ని రోజులు, మొదటి తడి శివారు నుంచా పైనుంచా, తూము తలుపు ఎవరి చేతిలో ఉంటుంది అన్నవి అందరూ వ్రాస్తారు. ఎక్కువమంది మరిచేది కొరత సంగతి. గేజి ఫలానా గుర్తుకు దిగితే ఎవరికెంత తగ్గించాలో నీళ్లు ఉన్నప్పుడే వ్రాసుకోండి. తగ్గిన తరువాత ఆ మాట ఎవరూ ఎత్తనివ్వరు. వంతు తప్పినవాడు తన తరువాతి వంతులో ఎన్ని గంటలు కోల్పోతాడో కూడా ఉండాలి. ఒక ప్రతి లస్కరుకు, ఒకటి నీటి సంఘానికి ఇచ్చి, మరొకటి ఊళ్లో అందరికీ కనిపించే గోడ మీద అంటించండి. మొదటి తడి ముగిసిన మూడవ నాడు మళ్లీ కూర్చోవడానికి తేదీ, చోటు ఆ కాగితం అడుగునే వ్రాయండి.