ఏడంగుళముల రథము

రథమనగానే మన మనస్సునకు భారత యుద్ధమో, ఊరి దేవాలయపు తేరో తోచును. నేడు నేను ప్రస్తావింపబోవు రథము మిక్కిలి చిన్నది. దానికి గుఱ్ఱములు లేవు, యంత్రము లేదు, సారథియు లేడు. సంస్కృతమున సరళవృక్షమనబడు పైన్ జాతి కర్రదిమ్మ యొకటి, చక్రములు నాలుగు, ఇరుసులుగా మేకులు నాలుగు, ఇవియే దాని సర్వస్వము. అమెరికా దేశమున బాలచరులలో చిన్నవారు పెద్దల సాయముతో దీనిని చెక్కి, వాలుగా నమర్చిన బాటమీద పరుగెత్తింతురు. ఆ పందెమునకు పైన్‌వుడ్ డెర్బీ యని పేరు.

డెర్బీ యను మాట గుఱ్ఱపు పందెములనుండి వచ్చినది. ఇంగ్లండులోని ఎప్సమ్‌నందు 1780లో ఆరంభమైన పందెమునకు డెర్బీ ప్రభువు పేరు పెట్టిరి. తరువాత 1933లో అమెరికాలోని డేటన్ పట్టణమున, బాలురు తాము కూర్చిన బండ్లలో తామే కూర్చుండి వాలువెంట దిగు పందెము పుట్టెను. దానికి సోప్‌బాక్స్ డెర్బీ యని పేరు వచ్చెను. కాలిఫోర్నియాలోని మన్‌హాటన్ బీచ్‌లో డాన్ మర్ఫీ యను నాయన చిన్న బాలచరుల దళమునకు నాయకుడుగా నుండెను. ఆయన కుమారునకు ఆ బండ్ల పందెమునకు వయస్సు చాలలేదు. అందుచే ఆయన ఆ యీడు పిల్లలకు తగిన చిన్న రథముల పందెమును కల్పించెను. మొదటి పందెము 1953 మే 15వ తేదీన జరిగినది. 1954లో బాలచరుల పత్రిక దీనిని గూర్చి ప్రకటింపగా, దేశమంతటను వ్యాపించినది. 2018 నుండి ఆ దళములలో బాలికలకును ప్రవేశము గలిగినది.

ఇక నియమములు. పొడవు 7 అంగుళములును, చక్రములతో గూడ వెడల్పు 2¾ అంగుళములును మించరాదు. బాట నడుమ ఎత్తైన పట్టీ యుండును గనుక, ఎడమ కుడి చక్రముల నడుమ 1¾ అంగుళముల ఎడమును, అడుగున 3/8 అంగుళపు ఖాళీయు నుండవలెను. బరువు 5 ఔన్సులు, అనగా సుమారు 142 గ్రాములు, దాటరాదు. బేరింగులు, వాషర్లు, స్ప్రింగులు కూడవు. రథమును ముందునకు త్రోయు సాధనమేదియు నుండరాదు. కందెనగా గ్రాఫైటు వంటి పొడియే వాడవలెను గాని నూనె పనికిరాదు. స్థానిక దళములు మరికొన్ని నియమములు చేర్చుట కలదు. కావున దిమ్మను ముట్టకముందే తమ దళపు నియమపత్రమును చదువుట మొదటి పని.

ఇన్ని నిర్బంధములలో కల్పనకు చోటెక్కడ యని మీరడుగవచ్చును. పద్యవిద్య నభ్యసించినవారికి ఈ సందేహము రాదు. ఉత్పలమాల పాదమునకు ఇరువది యక్షరములే. పదవ యక్షరమున యతి కుదురవలెను. ఆ కట్టుబాటు ఎల్ల కవులకు నొక్కటియే యగుటచేతనే ఒకని పద్యము నడచుటయు, మరియొకని పద్యము కుంటుటయు మనకు తెలియుచున్నది. కొలతలు అందరికి సమానమైనప్పుడే చేతి నేర్పు బయటపడును.

ఆ నేర్పు ఎందున్నదో కొంచెము విచారింతము. బాట మొదట ఎత్తుగా నుండి, క్రిందికి దిగి, పిమ్మట చదునగును. రథమునకు ఎత్తే ధనము. ఆ ధనమే వేగముగా మారును. భారకేంద్రము నాలుగడుగులు దిగినదనుకొందము. ఘర్షణ మొదలగు నష్టములు లేనిచో, చదును చేరునప్పటికి సెకనుకు 16 అడుగుల వేగము వచ్చును. ఇంతకంటె నెక్కువ ఎవరికిని రాదు. కావున పనివాని చేతిలో రెండే మార్గములున్నవి. ధనము కొంచెము పెంచుకొనుట యొకటి, వ్యయము తగ్గించుకొనుట రెండవది.

పెంచుకొనుట యెట్లు? బరువును వెనుకకు జరుపవలెను. వాలుమీద నిలిచిన రథమునకు వెనుక భాగమే ఎత్తున నుండును. వాలు ముప్పది డిగ్రీలైనచో, భారకేంద్రమును అంగుళము వెనుకకు జరుపగా అది అరయంగుళము పైకి లేచును. నాలుగడుగులనగా 48 అంగుళములు. అందులో అరయంగుళము నూటికి ఒకటి. వేగము నూటికి అర పాలు పెరుగును. పదునారడుగుల చదునుమీద ఆ లాభము ఇంచుమించు ఒక అంగుళము. ఈ పందెములలో గెలుపోటములు పలుమారు ఆ యంగుళముననే తేలును. అయితే బరువు మరీ వెనుకకు పోయినచో ముందు చక్రములు తేలిపోయి రథము ఊగులాడును. వెనుక ఇరుసుకు అంగుళము ముందుగా భారకేంద్రము నుంచుట పలువురి వాడుక.

బరువు అయిదు ఔన్సులకు దగ్గరగా నుండుటయు మంచిది. శూన్యమున బరువైనదియు తేలికైనదియు సమముగనే పడును. కాని యిచట గాలి యడ్డును, చక్రములు తిరుగుటకు పట్టు శక్తియు నున్నవి. ఈ రెండును తేలిక రథమునే యెక్కువ బాధించును.

వ్యయము తగ్గించుటకు ఇరుసులను చూడవలెను. మేకుతల క్రింద చిన్న గరుకులుండును. వాటిని ఆకురాయితో తీసి, సన్నని ఉప్పుకాగితముతో మెరయునట్లు రుద్ది, గ్రాఫైటు పొడి చల్లవలెను. పిమ్మట రథమును నున్నని నేలమీద విడిచి చూడవలెను. ప్రక్కకు తిరిగినచో ఇరుసు వంకర యున్నదన్నమాట. అట్టి రథము నడుమ పట్టీని ఒరసికొని వేగమును పోగొట్టుకొనును.

ఇంతవరకు కర్ర మాట. ఇక మనుష్యుల మాట. నియమపత్రము బరువును తూచగలదు గాని, చెక్కిన చేయి ఎవరిదో తూచలేదు. టెక్సాసు రాష్ట్రమున నా కుమారుని యింట నుండగా నా మనుమరాలికి ఈ దిమ్మ వచ్చినది. దానికి తొమ్మిదేండ్లు. నా కుమారుడు ఇంజనీరు. కూతురు ఓడరాదను ప్రేమచేత, ఆమె నిద్రించిన పిమ్మట రెండు రాత్రులు యంత్రముపై కోసి, నునుపు చేసి, ఎఱ్ఱరంగు వేసి, అద్దమువంటి రథమును సిద్ధపరచెను. అది ఒక్క నియమమునకును విరుద్ధము గాదు. మూడవనాటి యుదయమున పిల్ల దానిని చేతబట్టి చాలసేపు చూచినది. “నాన్నా, నీ కారు చాల బాగున్నది. మరి నా కారేది?” అని యడిగినది.

వాడు మారు పలుకలేదు. సాయంకాలము మరియొక దిమ్మ తెచ్చెను. ఈమారు గీత పిల్ల గీచినది. రంపపు కోత మాత్రము తండ్రి కోసెను. ఉప్పుకాగితము, సుత్తి, రంగు పిల్లవి. ఏటికొప్పాకవారి అంకుడు కర్ర వలెనే ఈ కర్రయు మెత్తనిది, పసిచేతికి లొంగును. రథము మామిడిటెంక యాకారమున వచ్చినది. తూచగా అయిదు ఔన్సులకు పదవపాలు మించెను. ఎక్కడ తొలువవలెనని తండ్రి చెప్పబోయి, ఊరకుండెను. పిల్ల యాలోచించి, వెనుక బరువు చెడకుండ ముందు భాగముననే తొలిచినది. పాఠము దానికి పట్టుపడినదని నాకప్పుడు తెలిసినది. పందెమున దాని రథము మూడవదిగా వచ్చినది. ఎఱ్ఱ రథము తండ్రి బల్లమీదనే యున్నది.

చేయి యందించుట వేరు, చేతిలోని పనిని లాగికొనుట వేరు. పదునైన పనిముట్టు పెద్దలు పట్టవలసినదే. దిమ్మను చూచి కలగనుట, తప్పుకోసి దిద్దుకొనుట మాత్రము పిల్లల సొత్తు. బిడ్డల యింటిపాఠములు తాము వ్రాసియిచ్చు తలిదండ్రులు మన యూళ్లలోను లేకపోలేదు. వారికిని ఈ చిన్న రథము చెప్పునది ఇదియే. గెలిచిన రథము ఒక యేడు నిలుచును. చేసిన చేయి బ్రతుకంతయు నిలుచును.