వ్రతము – ఔషధము – శస్త్రచికిత్స
(దేవస్థాన ఆరోగ్య శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాకరణము, ధర్మశాస్త్రము పాఠం చెప్పుకొని జీవించినవాడు ఉదరరోగాలను గురించి, కంఠంలోని థైరాయిడ్ గ్రంథిని గురించి ప్రసంగించడమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. నేను వైద్యుణ్ణి కాను. రోగనిర్ణయం చేయను, మందు చెప్పను. కాని పురాణ కాలక్షేపం ముగిసిన పిమ్మట మంటపంలో నన్ను సమీపించి భక్తులు అడిగే ప్రశ్నలు కొన్ని వైద్యుడు తీర్చగలిగినవి కావు. "శాస్త్రిగారూ, కడుపులోకి కెమెరా గొట్టం వేయాలంటున్నారు. దీక్షలో ఉన్నాను, వేయించుకోవచ్చునా?" "థైరాయిడ్ మాత్ర తెల్లవారగానే మింగాలట. ఏకాదశి నాడు మానితే తప్పా?" "మొక్కు తీరేదాకా ఆపరేషన్ ఆపుదామనుకుంటున్నాము. మీరేమంటారు?" ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పవలసిన బాధ్యత మా వంటివారిదే. మేము మౌనం వహిస్తే భయమే శాస్త్రమై కూర్చుంటుంది.

ముందుగా శస్త్రమంటే ఉన్న భీతిని గురించి చెబుతాను. దేహాన్ని కత్తితో తాకరాదన్నది మన సంప్రదాయం కాదు. సుశ్రుతుడు తన సంహితలో 101 యంత్రాలను, 20 శస్త్రాలను పేర్కొన్నాడు. ఆ యంత్రాలలో 20 నాడీయంత్రాలు, అంటే గొట్టాల వంటివి. దేహమార్గాలలో చిక్కిన వస్తువును తీయడానికి, లోపలి రోగాన్ని కంటితో చూడడానికి అవి ఉపయోగపడతాయని ఆయన వివరించాడు. శిష్యుడు మొదట గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద కోత అభ్యసించిన తరువాతనే రోగిని తాకవలెనని నియమం పెట్టాడు. ప్రేగుకు చిల్లి పడితే నల్లచీమల చేత అంచులను కరిపించి, వాటి తలలు మాత్రం ఉంచి, కుట్టు వలె నిలిపే విధానం కూడ అందులో ఉన్నది.

ఇది విని, "అన్నీ మన గ్రంథాలలోనే ఉన్నాయి, ఆసుపత్రితో పనేమి" అని ఎవరైనా అంటే, అది సుశ్రుతునికి గౌరవం కాదు. లోపలి రోగాన్ని చూడాలన్న సంకల్పం ఆయనకున్నది. లోతైన ఉదరంలోకి వెలుగును పంపే సాధనం ఆ కాలానికి లేదు. ఆ సాధనానికి దారి చూపినవారిలో పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. సన్నని గాజు తంతువుల కట్ట గుండా, అది వంగి ఉన్నప్పటికీ, బొమ్మను పంపవచ్చునని ఆయన, హాప్కిన్స్ 1954లో ప్రకటించారు. 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ ఆ తంతువులతో వంగే ఎండోస్కోపును వాడుకలోకి తెచ్చాడు. నేడు గొట్టం చివర చిన్న కెమెరాయే ఉంటున్నది. నోటి గుండా అన్నవాహికను, జీర్ణాశయాన్ని, చిన్నప్రేగు మొదటి భాగాన్ని చూస్తారు. పెద్దప్రేగును క్రింది మార్గం నుండి చూస్తారు. అవసరమైతే అందులో నుండే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు, రక్తస్రావాన్ని ఆపుతారు.

మన ప్రాంతంలో కడుపులో మంట అంటే "గ్యాస్" అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవడం అలవాటైపోయింది. మందుల దుకాణంలో మాత్ర కొని ఏళ్ల తరబడి మింగేవారు ఉన్నారు. జీర్ణాశయపు పుండ్లకు కారం, చింత మాత్రమే కారణమని లోకం చాలాకాలం నమ్మింది. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి చాలా పుండ్లకు మూలమని బారీ మార్షల్, రాబిన్ వారెన్ నిరూపించారు. అందుకు వారికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. ఆ క్రిమికి కొన్ని దినాల మందుతో చికిత్స ఉన్నది. కీళ్లనొప్పుల మాత్రలు ఇష్టానుసారం వాడినా పుండు పడుతుంది. ముద్ద మింగుడు పడకపోవడం, నల్లని తారు వంటి విరేచనం, రక్తపు వాంతి, కారణం లేకుండ బరువు తగ్గడం, పచ్చకామెర్లు — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గ్యాస్ మాత్రతో కాలక్షేపం చేయరాదు.

పచ్చకామెర్లకు పసరు పోయించే ఆచారం మన పల్లెలలో ఇంకా ఉన్నది. కొన్ని కామెర్లు విశ్రాంతితో వాటంతట అవే తగ్గుతాయి. కీర్తి పసరుకు దక్కుతుంది. కాని పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లలో రాయిని తీయవలసిందే. చలిజ్వరం, కడుపునొప్పి కూడ తోడైతే అది ప్రాణాపాయం, ఒక్క పూట కూడ ఆగరాదు. నేడు ఆ రాతిని ఉదరం కోయకుండ ఎండోస్కోపు ద్వారానే తీస్తున్నారు. ఈ విద్యలో హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ స్థాపకులు, విశాఖలో జన్మించిన డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి గారు ప్రపంచప్రసిద్ధులు. 2025లో వారికి పద్మవిభూషణ పురస్కారం ప్రకటించారు. పిత్తాశయాన్ని చిన్న రంధ్రాల గుండా తొలగించే విధానాన్ని జర్మనీలో ఎరిక్ మ్యూహె 1985లో చేసి చూపగా, మన దేశంలో 1990లో ముంబయిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా ప్రారంభించారు. ఈనాడు అది జిల్లా కేంద్రాల ఆసుపత్రులకు కూడ పరిచితమైన చికిత్స.

ఇక కంఠగ్రంథి విషయం. సుశ్రుతుడు గలగండాన్ని వర్ణిస్తూ, శ్వాస కష్టమై, స్వరం మారి, దేహం క్షీణించిన రోగి అసాధ్యుడన్నాడు. అంటే గొంతులో గడ్డ ఉండి స్వరం మారడం అపాయసూచన అని ఆనాడే గుర్తించారు. ఈనాటి వైద్యులు కూడ ఆ లక్షణాన్ని అశ్రద్ధ చేయవద్దనే చెబుతారు. ఆనాడు చేతులెత్తవలసిన చోట నేడు స్కానింగ్, సూది పరీక్ష, శస్త్రచికిత్స ఉన్నాయి. గొంతులో కనిపించే గడ్డలలో ఎక్కువ భాగం క్యాన్సరు కావు. ఏది అవునో, ఏది కాదో పరీక్షయే తేల్చాలి.

ఈ గ్రంథి వ్యాధులను గురించి లోకానికి మేలు చేసినవారిలో మన తెలుగువారు ఒకరు ప్రాతఃస్మరణీయులు. శ్రీకాకుళంలో 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు 1956 నుండి హిమాలయ పాదంలోని కాంగ్రా లోయలో పరిశోధన చేసి, ఉప్పులో అయోడిన్ కలిపితే గలగండం తగ్గుతుందని నిరూపించారు. 1962లో జాతీయ గలగండ నివారణ కార్యక్రమం మొదలైంది. మన ఇంటి ఉప్పు పొట్లం మీద అయోడిన్ అనే మాట ఉండడం వెనుక ఆ కృషి ఉన్నది.

నా సహధర్మచారిణికి కొన్నేళ్ల క్రితం కంఠంలో గడ్డ కనిపించింది. తీయక తప్పదని గుంటూరులో శస్త్రవైద్యులు చెప్పారు. ఆమె చిన్ననాటి నుండి కీర్తనలు పాడుతుంది. ప్రాణభయం కన్న స్వరం పోతుందేమోనన్న దిగులే ఆమెకు ఎక్కువ. వైద్యుడు దాచకుండ చెప్పాడు: గ్రంథిని ఆనుకొనియే స్వరాన్ని నడిపే నరం ఉంటుంది, దానిని కాపాడుతూ చేస్తాము, అయినా కొద్దిమందిలో బొంగురు రావచ్చు, కాల్షియం కూడ తగ్గవచ్చు అని. ఆమె స్వామికి నమస్కరించి సమ్మతించింది. ఇప్పుడు ఒక శ్రుతి తగ్గించి పాడుతున్నది. నిత్యం మాత్ర వేసుకుంటున్నది. గ్రంథిని పూర్తిగా తీసినవారు మందగిస్తారని గమనించిన స్విట్జర్లాండు వైద్యుడు కోకర్‌కు 1909లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆనాడు రోగులకు కొరవడిన ఆ రసమే నేడు చిన్న మాత్ర రూపంలో దొరుకుతున్నది. దానిని మానడం శరీరానికి ఆహారం మానడం వంటిది.

ఇక ధర్మశాస్త్ర నిర్ణయం వినండి. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువచనం, ఔషధం — ఈ ఎనిమిదీ వ్రతభంగం చేయవని ధర్మశాస్త్రకారులు పరిగణించారు. ఔషధం ఆ జాబితాలో స్పష్టంగా ఉన్నది. కనుక కార్తీక సోమవారం నాడు, ఏకాదశి నాడు, సూర్యలంకలో కార్తీక స్నానానికి బయలుదేరే తెల్లవారుజామున కూడ థైరాయిడ్ మాత్రను నీటితో వేసుకోండి. దోషం లేదు. పరగడుపున వేసుకొని, అర్ధగంట నుండి గంట వరకు కాఫీ అయినా తీసుకోకుండ ఉండాలి. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఉపవాసికి ఇది కష్టమా? గర్భిణులు అసలే మానరాదు. శిశువు మెదడు పెరుగుదలకు తల్లిలోని ఆ రసం అవసరం. మధుమేహం ఉన్నవారు మాత్రం ఉపవాసానికి ముందు వైద్యుని అడగాలి.

ఎండోస్కోపీకి ముందు కూడ వైద్యుడు కొన్ని గంటలు ఏమీ తినవద్దంటాడు. దానిని కూడ నియమంగా పాటించండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందుగా చెప్పండి. మొక్కు విషయం: మొక్కుకోండి, కాని "చికిత్స జరిగిన తరువాత దర్శనానికి వస్తాను" అని మొక్కుకోండి. మొక్కు తీర్చి చికిత్సకు వెళ్తాననేవాడు స్వామికి గడువు పెడుతున్నాడు. రోగం ఆ గడువును ఎరుగదు.

ఆయుర్వేదమా, ఆధునికమా అనే కలహం కూడ వద్దు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు సంగ్రహణికి సోదరులను పోగొట్టుకున్నారు. తమకు ఆ వ్యాధి వచ్చినప్పుడు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. అటుపిమ్మట అమెరికాలో వారి బృందం తయారు చేసిన ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికే మందయింది. ఆయన రెండు విద్యలనూ గౌరవించారు. మనకేమి అడ్డు?

చివరగా దాతలకు ఒక విన్నపం. ప్రభుత్వ వైద్యసేవా పథకం క్రింద అర్హులైనవారికి అనేక శస్త్రచికిత్సలు ఉచితంగా జరుగుతున్నాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి కార్డు చూపాలి. అయినా రేపల్లె నుండి తెనాలికి, అక్కడి నుండి గుంటూరుకు వెళ్లే దారిఖర్చు, తోడు వచ్చినవారి భోజనం, పోయిన కూలి — వీటికి భయపడి పరీక్షకే వెళ్లనివారు మనలో ఉన్నారు. అన్నదానానికి మీరు ఇచ్చే నిధిలో ఒక చిన్న భాగాన్ని ఈ అవసరానికి కేటాయించమని ధర్మకర్తలను కోరుతున్నాను. ఆసుపత్రి వరండాలో రోగికి తోడుగా కూర్చున్నవారికి పెట్టిన పిడికెడు అన్నం కూడ స్వామి ప్రసాదమే.

ఈ శిబిరంలో పేరు వ్రాయించుకోవడానికి వెనుకాడుతున్న తల్లులు ముందుకు రండి. మీకు ఆరోగ్యం, ఆయువు కలగాలని స్వామిని ప్రార్థిస్తున్నాను.

స్వస్తి.