క్లబ్బు ఎన్నికల్లో నిలబడితే తప్పా?

(వార్షిక సమావేశంలో విద్యార్థులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో పిల్లవాడు యూనివర్సిటీలో చేరాడంటే పెద్దలు ముందుగా చెప్పే మాట ఒకటుంది: "చదువుకో బేటా, ఎన్నికల జోలికి పోకు." ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 1972లో ఉస్మానియా క్యాంపస్‌లోనే విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డిని హత్య చేశారు. 1980ల చివర రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలే ఆగిపోయాయి. అయితే మేము ఈ రోజు మనవి చేయదలచింది ఆ పెద్ద ఎన్నికల గురించి కాదు. అరబ్బీ, పారశీకం, సంస్కృతం వంటి ప్రాచీన భాషలు చదివే పిల్లలు తమలో తాము పెట్టుకునే చిన్న చిన్న సంఘాల గురించి.

అమెరికాలో లాటిన్ చదివే స్కూలు పిల్లలకు 1936 నుంచి జూనియర్ క్లాసికల్ లీగ్ అనే సంఘం ఉంది. దాని పదవులకు పిల్లలే పోటీ చేస్తారు, పిల్లలే ఎన్నుకుంటారు. లాటిన్‌తో మనకేం పని అంటారా? తార్నాక నుంచి క్యాంపస్‌లోకి వెళ్తే జవాబు దొరుకుతుంది. 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ అక్కడే ఉంది. అల్ రాజీ వైద్య గ్రంథం 'అల్ హావీ'ని అనేక సంపుటాలుగా అరబ్బీలో అచ్చు వేసింది ఆ సంస్థే. ఆ గ్రంథమే 1279లో లాటిన్‌లోకి వెళ్లి యూరప్ వైద్యులకు అక్కరకొచ్చింది. ప్రాచీన భాషలు ఒకదానికొకటి పరాయివి కావు.

ఓట్లడిగేవాణ్ణి క్యాండిడేట్ అంటాం గదా, ఆ మాటా లాటిన్ నుంచి వచ్చిందే. రోమ్‌లో పదవి కోరేవాడు సుద్దతో తెల్లగా చేసిన వస్త్రం వేసుకుని జనంలో తిరిగేవాడు. 'కాండిడస్' అంటే తెల్లనిది. క్రీ.పూ. 64లో సిసెరో అక్కడి అత్యున్నత పదవికి పోటీ చేశాడు. అతని వంశంలో అంతకుముందు ఎవరూ ఆ పదవి చేయలేదు. అటువంటివాణ్ణి రోమన్లు 'కొత్త మనిషి' అనేవారు. అతనికి తమ్ముడు క్వింటస్ రాసినట్టు చెప్పే ఉత్తరం ఒకటి మిగిలింది. నువ్వు కొత్త మనిషివని రోజూ గుర్తు చేసుకో, మనుషుల్ని పేరు పెట్టి పలకరించు అంటుంది ఆ ఉత్తరం. చేయలేని పనికి కూడా సరేనంటే మంచిదని కూడా అంటుంది. మొదటి రెండు సలహాలూ మన పిల్లలు పట్టుకోవాలి, మూడోది వదిలెయ్యాలి. సిసెరో గెలిచాడు.

మన పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాళ్లు. వీళ్లూ కొత్త మనుషులే. వెనక పేరు లేదు, సిఫారసు లేదు. అంచేత నామినేషన్ అనగానే వెనక బెంచీలో తల వంచుకుంటారు. ఆడపిల్లలైతే కార్యదర్శి పనంతా చేసిపెట్టి పేరు మాత్రం ఇంకొకరికి వదిలేస్తారు. రేపు ఉద్యోగంలోనూ, మొహల్లాలోనూ ఇదే అలవాటు వెంట వస్తుంది. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరికి వెళ్లి "నాకు ఓటెయ్యండి, నేను ఈ పని చేస్తాను" అని అడగడం పాఠ్యపుస్తకంలో దొరికే విద్య కాదు.

ఖర్చుకు భయపడక్కర్లేదు. 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన లింగ్డో కమిటీ నియమాలు విద్యార్థి సంఘాల ఎన్నికల్లో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటరాదన్నాయి, అచ్చు పోస్టర్లు వద్దన్నాయి. చిన్న సంఘానికి అందులో వందో వంతు చాలు, ఒక చార్టూ రెండు స్కెచ్ పెన్నులూ వస్తాయి. చేతనైన మాటే ఇవ్వండి: నెలకొకసారి కూర్చుని ఒక పేజీ కలిసి చదువుదాం, సంస్కృతం పిల్లల్నీ పిలుద్దాం, ఏడాది చివర లెక్కలు గోడకు అంటిద్దాం. ఓడితే గెలిచినవాడితో కలిసి కుర్చీలు వెయ్యండి. దానికి పదవి అక్కర్లేదు.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. ఈసారి మీ అమ్మాయి "నేను నిలబడతాను" అంటే, వద్దని చెప్పే ముందు ఏం చేస్తావని అడగండి. జవాబు బాగుంటే చార్టు కొనడానికి డబ్బులివ్వండి.